బెంచి సాక్ష్యం, ఘాట్ సాక్ష్యం

“నీ సాక్షి అబద్ధం చెప్తున్నది హనుమంతూ,” అన్నాను.

ఇన్‌స్పెక్టర్ హనుమంతు తలెత్తలేదు. చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ ఎదురుగా ఉన్న ఇంజను వైపే చూస్తున్నాడు. “నా సాక్షికి నోరే లేదు. ఇగ అబద్ధం ఎట్ల చెప్తది?” అన్నాడు.

అతని సాక్షి ఒక యంత్రం. కరీంనగర్‌లో రాయమల్లు లారీల వర్క్‌షాపు వెనక, రేకుల షెడ్డులో ఉంది. మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సామాను వేలం వేస్తుంటే కొని బొంబాయి నుంచి తెప్పించాడట రాయమల్లు. అందరూ దాన్ని బెంచి అంటారు. కారులోంచి ఇంజనును ఊడదీసి దీనికి బిగిస్తారు. ఇంజను ఇరుసును నీళ్ల డ్రమ్ముకు తగిలిస్తారు. ఇంజను తిరుగుతుంటే డ్రమ్ములో నీళ్లు అడ్డం పడతాయి. ఆ అడ్డును ఇంజను ఎంత బలంగా తోస్తోందో పక్కనున్న కాటా ముల్లు చూపిస్తుంది. కారు రోడ్డెక్కే పనే లేదు. నాలుగు జిల్లాల్లో ఇలాంటిది ఇంకొకటి లేదని రాయమల్లు కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాడు. చెప్పుకోవడానికి ఇప్పుడాయన లేడు.

పోయిన వారం రాయమల్లు తన అంబాసిడర్‌లో ఆదిలాబాద్ పోతూ, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మీద చచ్చిపోయాడు. బాగా ఎత్తుగా ఉన్న మలుపులో ఇంజను ఆగిపోయింది. ఆ కారు హ్యాండ్ బ్రేకు ఎప్పుడూ అంతంతమాత్రమే. డ్రైవరు రహీమ్ కాలి బ్రేకు తొక్కిపట్టి కూర్చున్నాడు. ఎప్పుడూ వెంట ఉండే క్లీనర్ ఆ రోజు నిర్మల్‌లోనే దిగిపోయాడు, అందుకే వెనక చక్రం కింద రాయి పెట్టడానికి రాయమల్లే దిగాడు. బ్రేకు పట్టు తప్పి కారు వెనక్కి వచ్చింది, ఆయన్ను గోడకేసి నలిపేసింది. ఇదీ రహీమ్ చెప్పిన మాట.

ముందు రోజు ఆ ఇంజనును ట్యూనింగు చేసింది వర్క్‌షాపులో పాత మిస్త్రీ బాబు మియా. రహీమ్ తండ్రి. ఇప్పుడు నిర్మల్ జైల్లో ఉన్నాడు.

“ఇటు చూడు,” అన్నాడు హనుమంతు.

బెంచికి బిగించిన ఆ అంబాసిడర్ ఇంజను పక్కన డిస్ట్రిబ్యూటర్ మీద ఎర్రరంగు గీత ఒకటుంది. ప్లగ్గుల్లో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో నిర్ణయించేది ఆ డిస్ట్రిబ్యూటరే. దాన్ని ఇటు తిప్పితే రవ్వ ముందు పడుతుంది, అటు తిప్పితే వెనక. మిస్త్రీలు దాన్నే టైమింగ్ అంటారు. బాబు మియాకు ఒక అలవాటుంది. పని పూర్తయ్యాక డిస్ట్రిబ్యూటర్ మీద మొదలుపెట్టి ఇంజను ఒంటి మీదిదాకా సన్నగా ఒక ఎర్ర గీత గీస్తాడు. తర్వాత ఎవడు కదిపినా గీత విరుగుతుంది. ఇక్కడ గీత విరగలేదు. అంటే ఇది అచ్చంగా బాబు మియా పెట్టిన టైమింగే. ఆ విషయంలో నాకూ హనుమంతుకూ పేచీ లేదు.

హనుమంతు సైగ చేశాడు. షెడ్డులో పనివాడు ఇంజను తిప్పాడు. రేకులు దడదడలాడాయి. కాటా ముల్లు కాస్త పైకి పోయి ఆగిపోయింది. తర్వాత కంపెనీ పుస్తకంలో చెప్పిన గుర్తు దగ్గరికి డిస్ట్రిబ్యూటర్‌ను జరిపి మళ్లీ తిప్పారు. ముల్లు చెంగున లేచింది.

“కండ్లతోటి చూసినవ్ గదా,” అన్నాడు హనుమంతు, శబ్దం ఆగాక. “పుస్తకంల గుర్తు మీద పెడ్తె గుర్రం. నీ బాబు మియా గీత మీద పెడ్తె గాడిద. కావాలనే టైమింగ్ వెనుకకు గుంజిండు. ఘాట్ మీద బలం సాలక ఆగింది.”

“కొడుకు నడిపే బండిని తండ్రి పాడు చేస్తడా?”

“సావాలని చెయ్యలే. సేటు నడి ఎండల రోడ్డు మీద నిలవడి పరేషాన్ కావాలని చేసిండు. ఎందుకో నీకు ఎరికే.”

ఎరికే. కరీంనగర్‌లో ఎరుక లేనివాడు లేడు. బెంచి వచ్చాక ఇక బండ్లన్నీ దీని మీదే ట్యూనింగు చెయ్యాలని రాయమల్లు హుకుం. బాబు మియా వినలేదు. బెంచి మీద మంచిగున్న బండి రోడ్డు మీద మంచిగుండాలని లేదని అందరి ముందూ అన్నాడు, పనికి వచ్చిన ఒక కారు తీసుకుని రోడ్డెక్కాడు. తిరిగొచ్చాక రాయమల్లు వర్క్‌షాపు వాకిట్లో, పనివాళ్లందరూ చూస్తుండగా, చెప్పు తీసి అతన్ని కొట్టాడు. అరవయ్యేళ్ల మనిషిని. రాయమల్లు చావుకు కొన్నాళ్ల ముందు జరిగిందిది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది. చచ్చినవాడి గురించి చెడు మాట్లాడకూడదంటారు కాబట్టి ఊరుకుంటున్నాను.

“నీ బెంచి ఏ పెట్రోలు తాగుతున్నది?” అన్నాను.

గోడకు వేలాడుతున్న డబ్బా చూపించాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన మేలు రకం పెట్రోలు. ఎదురుగా మనిషంత ఫ్యాను గాలి కొడుతోంది. ఇంజనుకు మూత లేదు, మోసే బరువు లేదు, ఎండ లేదు.

“సేటు కారుల ఉన్నది నిర్మల్ పంపు పెట్రోలు. దాంట్ల కిరసనాయిలు ఎంతుంటదో దేవునికెరుక. అసొంటి పెట్రోలుకు పుస్తకంల గుర్తు పెడ్తె, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకుంటది. కాగి కాగి ఆగుతది. గందుకే బాబు మియా జర వెనుకకు పెట్టిండు. నీ కాటా మీద ముల్లు దిగుతది గని, ఘాట్ మీద బండి ఆగది.”

“ఎవలు చెప్పిండ్రు?”

“బాబు మియానే చెప్పిండు. ఎన్నడో, నా ఫియట్‌కు పని చేసినప్పుడు.”

హనుమంతు పగలబడి నవ్వాడు. “గదే బాబు మియా నిన్న నాకేం చెప్పిండో తెలుసా? తప్పు నాదే అన్నడు. చూడకుంట చేసిన అన్నడు. మంది మొక్కజొన్న చేనుకు నువ్వు కావలి ఉన్నవ్ అంబదాస్. చేను ఆసామి ఎప్పుడో ఇడిచిపెట్టి పోయిండు.”

మేమిద్దరం ఒకే ఏడు పోలీసు ఉద్యోగంలో చేరాం. నేను మానేశాను, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. నేనేదైనా కేసు పడితే అందులో అతనుండడం, అతను నన్ను చూసి అలా నవ్వడం మామూలే. కానీ ఆ వేళ ఆ నవ్వు నాకు మంట పుట్టించింది. నా తర్వాతి మాట ఆ మంటలోంచే వచ్చింది.

“ఇంజన్ మళ్ల కారుల పెట్టు. ఘాట్ మీదికి పోదాం. గదే బరువు, గదే పంపు పెట్రోలు. రెండు తీర్ల చూద్దాం. నీ బెంచి గుర్తు మీద ఒక్కసారి, బాబు మియా గీత మీద ఒక్కసారి. రహీమ్‌నే నడపమందాం. అక్కడ ఏం తేల్తె అది పంచనామల రాయాలె. రాస్తవా?”

“రాస్త,” అన్నాడు హనుమంతు, నవ్వుతూనే.

* * *

జైల్లో బాబు మియా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి దగ్గు తెరలో చిక్కుకున్నాడు. నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డను గబుక్కున మడిచేశాడు. అయినా మరకలు కనబడ్డాయి. రెండు ఊపిరితిత్తులూ పోయాయని డాక్టరు రషీదాతో చెప్పేశాడు. రషీదా ఆయన భార్య. నన్ను ఈ కేసులోకి పిలిచింది ఆమే.

“మియా, సీదా జవాబు చెప్పు. ముందటి దినం కారును ఘాట్ మీదికి తీస్కపోయినవా లేదా?”

“పోలే సాబ్.”

“మరి టైమింగ్ ఏడ పెట్టినవ్?”

“షెడ్డులనే. ఊకె అట్ల తిప్పి గీత గీసిన. తప్పు నాదే.”

నాకు ఒళ్లు మండింది. నా ఫియట్‌కు గడియ సేపు పని చేసి, అది సరిగా ఉందో లేదో చూడడానికి నన్ను మధ్యాహ్నమంతా ఊళ్లు తిప్పిన మనిషి ఇతను. ఎత్తు కనబడితే ఎక్కించేవాడు. కిటికీ దించి తల బయటపెట్టి వినేవాడు. ఇంజను లోపల ఇత్తడి చెంబులో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు రాగానే ఆపి, మూత తెరిచి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి జరిపేవాడు. మళ్లీ ఎక్కు, మళ్లీ విను. ఆకలేస్తోందని నేను మొత్తుకున్నా వదల్లేదు. అలాంటివాడు ‘ఊకె అట్ల తిప్పిన’ అంటే నేను నమ్మాలా?

“పోలీసోల్లు కొట్టిండ్రా?”

“కొట్టలే. హనుమంతు సాబ్ చాయ్ సుత తాపిచ్చిండు.”

“బెదిరిచ్చిండ్రా?”

“నన్నేం బెదిరిస్తరు సాబ్? ఏడేండ్లు పడ్తదంటుండ్రు. ఏడేండ్లు నేనుంటనా? ఎంతేసినా నాకొక్కటే.”

ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో బాధ లేదు. ఏదో బేరం తనకు లాభంగా కుదిరినవాడిలా ఉన్నాడు. నాకది చిరాకు తెప్పించింది. జబ్బుతో, అవమానంతో మనసు చచ్చిపోయిందనుకున్నాను.

“నీకొక్కటే కావొచ్చు. రషీదాకు కాదు. నువ్వు ఇంటికొస్తవని కండ్లల్ల ఒత్తులు ఏసుకొని చూస్తున్నది. రేపు ఘాట్ మీద అందరి ముందట నీ టైమింగ్ మంచిదని నేను చూపిస్త. హనుమంతు నోటితోటే చెప్పిస్త.”

బాబు మియా ఒక్క ఉదుటున లేచి కటకటాల సందుల్లోంచి నా చేతులు పట్టుకున్నాడు. అంత బలం అతనిలో ఉందనుకోలేదు.

“వద్దు సాబ్. ఘాట్ మీదికి పోకుండ్రి.”

“ఎందుకు?”

“తప్పు నాదే అంటున్న గద! మిస్త్రీ తప్పైందని మిస్త్రీనే ఒప్పుకుంటున్నడు. ఇంకేం గావాలె మీకు? కేసు ఇడిచిపెట్టుండ్రి. మీ కాల్మొక్త సాబ్.”

నేను అతని చేతులు విడిపించి బయటికొచ్చాను. ఎవరో గట్టిగా బెదిరించారని నాకు రూఢి అయిపోయింది. హనుమంతు మీద కోపం ఇంకాస్త పెరిగింది.

రషీదా గేటు బయట వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. నల్ల బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, చేతిలో రొట్టెల మూట పట్టుకుని ఉంది. ఆ మూట లోపలికి పంపనివ్వలేదట.

“ఏమన్నడు సాబ్?”

“ఏముంది? తప్పు నాదే అంటున్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు. రేపు తేలిపోతది.”

“నాకు ఆయన గెలిచి రావాల్నని లేదు సాబ్,” అంది. గొంతు మామూలుగానే ఉంది. ఏడ్చి ఏడ్చి ఏడుపు అయిపోయినవాళ్లు అలా మాట్లాడతారు. “ఆయన దినాలు దగ్గరవడ్డయి, నాకెర్కే. ఇంట్ల, మా చేతుల మీద పోతే సాలు. జైల్ల దిక్కులేనోని తీరు పోవద్దు. కొడుకు భుజం మీద పోవాలె. గంతే.”

“నేను తెస్తనమ్మా.”

“రేపు నేను సుత వస్త ఘాట్ మీదికి.”

ఎండ ఎక్కువగా ఉంటుందని, వద్దని చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. నా గెలుపు చూడడానికి నా తరఫున ఒకరుంటే బాగుంటుందనిపించింది.

* * *

ఘాట్ మొదట్లో అంతయ్య చాయ్ కొట్టు. హనుమంతు వాళ్లు కారుకు నీళ్లు పోస్తుంటే నేను అంతయ్యను పలకరించాను.

“బాబు మియానా? సేటు పోయిన ముందటి దినమంత గీడనే ఉండె గద,” అన్నాడు అంతయ్య. “ఎక్కుడు, దిగుడు, ఆపుడు, మూత తెరుసుడు. సేటు అంత బరువు ఉండాల్నని నా కొట్టు ఎనుకనుంచి బండలు తీస్కపోయి సీట్ల పెట్టిండు. పొద్దుగూకంగ వచ్చి, అంతన్నా, ఇగ బండి సచ్చినా ఆగది అని చాయ్ తాగిపోయిండు.”

“ఈ మాట పోలీసోల్లకు చెప్పినవా?”

“వాళ్లు అడగలే. నేను చెప్పలే.”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అంటే బాబు మియా జైల్లో నాతో చెప్పింది అబద్ధం. ఎందుకు చెప్పాడని ఆ క్షణంలో ఒక్క నిమిషం కూర్చుని ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది!

రహీమ్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, తండ్రి పోలికే, సన్నగా పొడుగ్గా ఉంటాడు. పొద్దున్నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అతని పక్కన, ఆనాడు రాయమల్లు కూర్చున్న చోట హనుమంతు. బరువులో ఇద్దరికీ తేడా లేదు. వెనక నేనూ రషీదా. డిక్కీలో ఆనాటి పత్తి గింజల బస్తాలు, మా ఇద్దరి బరువు మేరకు తగ్గించి. ట్యాంకులో నిర్మల్ పంపు పెట్రోలు.

మొదట హనుమంతు కోరిన గుర్తు. బెంచి మీద గుర్రంలా లేచిన టైమింగ్.

చదును మీద కారు ఉరికింది. హనుమంతు నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. ఎత్తు మొదలవగానే చెంబులో గులకరాళ్ల చప్పుడు వచ్చింది. మొదటి మలుపు దాటేసరికి చప్పుడు గోల అయింది. రెండో మలుపులో మూత సందుల్లోంచి ఆవిరి ఎగదన్నింది. కారంతా ఒక్కసారి వణికి, ఎగిరిపడి, ఇంజను ఆగిపోయింది. రహీమ్ బ్రేకు తొక్కి నిలబెట్టాడు. నేను దిగి చక్రం కింద రాయి పెట్టాను.

“ఎండ గదా,” అన్నాడు హనుమంతు.

“ఘాట్ మీద ఎండే ఉంటది. ఫ్యాన్ ఉండది,” అన్నాను.

ఇంజను చల్లారేదాకా పైకి నడిచి, రాయమల్లు చనిపోయిన మలుపు చూశాం. రోడ్డు అక్కడ నిట్టనిలువుగా లేస్తుంది. లోయ వైపు మోకాలెత్తు రాతి గోడ. ఒకచోట గోడ పెచ్చు లేచి ఉంది. కింద రాళ్ల సందుల్లో మరక ఇంకా పూర్తిగా పోలేదు. నేను వంగి రోడ్డు వెతికాను.

“ఏం దేవులాడుతున్నవ్?” అన్నాడు హనుమంతు. “టైర్ గీతలా? ఆ దినమే లేకుండె. నేనే చూసిన.”

“బ్రేక్ పట్టలేదంటుండ్రు గద. పట్టని బ్రేక్‌కు గీతలు ఎట్ల పడ్తయి?”

“తర్వాత బ్రేకులు బాగుచేయలే. ఎట్లున్నయో అట్లనే ఉన్నయి,” అన్నాడు. అని, ఏదో గుర్తొచ్చినవాడిలా కింద ఆగి ఉన్న కారు వైపు చూశాడు. నేను పట్టించుకోలేదు.

ఇంజను చల్లారాక డిస్ట్రిబ్యూటర్‌ను బాబు మియా ఎర్ర గీత మీదికి తెచ్చాం. రహీమ్ ఇంజను తాళం మీంచి చెయ్యి తియ్యడం లేదని అప్పుడే చూశాను. తండ్రి బతుకు తేలిపోయే ఘడియ, తొందర ఉండదా మరి అనుకున్నాను.

కారు బయల్దేరింది. ఉరకలేదు. చప్పుడూ చెయ్యలేదు. నిండు చూలాలు నడిచినట్టు నిదానంగా, ఎక్కడా తొట్రుపడకుండా ఎక్కుతోంది. రెండో మలుపు దాటింది. మూడోది దాటింది. నేను హనుమంతు మెడ వైపు చూస్తూ ముసిముసిగా నవ్వుకుంటున్నాను. పెచ్చు లేచిన గోడ దగ్గరికొచ్చింది.

ఇంజను ఆగిపోయింది.

రహీమ్ బ్రేకు తొక్కాడు. కారు అంగుళం కూడా జారలేదు.

“ఆగింది సాబ్,” అన్నాడు రహీమ్. ఆ వేళ నేను విన్న మొదటి మాట అది.

హనుమంతు పెద్దగా ఊపిరి వదిలాడు. “చూసినవా? గదే జాగ. పా, ఇగ దిగు. పంచనామ రాసుకుందాం.”

రషీదా నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది. నాకు లోకం తలకిందులైనట్టయింది. కానీ మరుక్షణం ఒకటి తట్టింది. కింద ఆగినప్పుడు కారు వణికి ఎగిరిపడి ఆగింది. ఇప్పుడు వణకలేదు. ఆవిరి లేదు. దీపం ఆర్పినట్టు ఆగింది.

నేను కిందికి దూకి చక్రం కింద రాయి తోసి, రహీమ్ పక్క తలుపు తెరిచాను.

“జరుగు.”

“సాబ్, ఇంజన్ కాగిపోయింది. ఇప్పుడు ముట్టుకోవద్దు.”

“జరుగుమంటున్న!”

అతన్ని దాదాపు లాగి వెనక సీట్లో తల్లి పక్కకు నెట్టాను. కూర్చుని చూస్తే ఇంజను తాళం ఆర్పే వైపు తిప్పి ఉంది. నేను తాళం తిప్పాను. మొదటి గుంజుకే ఇంజను అందుకుంది. హనుమంతు ఏదో అరిచాడు. నేను వినిపించుకోలేదు. ఆగిన చోటి నుంచే, అంత ఎత్తులో, నలుగురి బరువుతో, క్లచ్ మెల్లగా వదిలాను. వెనక చక్రాలు ఒక్క క్షణం కంకరను చిమ్మాయి. కారు ముందుకే కదిలింది. మలుపు తిరిగింది. తర్వాతి మలుపూ తిరిగింది. ఒక్క గులకరాయి చప్పుడు లేదు. ఘాట్ నెత్తి మీద చదును వచ్చేదాకా ఆపలేదు.

అక్కడ కారు ఆపి నేను స్టీరింగు మీద చరిచాను. “ఇప్పుడేమంటవ్ హనుమంతూ? బెంచి గొప్పదా, బాబు మియా చెవి గొప్పదా? ఇంజన్‌ల ఏం తప్పున్నది? రాయి, పంచనామల రాయి!”

హనుమంతు గెలిచినవాడిలా లేడు, ఓడినవాడిలానూ లేడు. అద్దంలోంచి బయటికి చూస్తూ చాలా నెమ్మదిగా అన్నాడు.

“ఏం తప్పు లేదు అంబదాస్. నువ్వు గెలిచినవ్. ఇంజన్ బంగారం లెక్క ఉన్నది. బ్రేక్ సుత పట్టింది, నా కండ్ల ముందట రెండు సార్లు పట్టింది. మరి ఆ దినం బండి ఎందుకాగింది? బ్రేక్ ఎందుకు పట్టలే?”

స్టీరింగు మీద చరిచిన చెయ్యి మెల్లగా తీసేశాను.

అతను వెనక్కి తిరగకుండానే అడిగాడు. “రహీమ్, ఆ దినం క్లీనర్‌ను నిర్మల్‌ల దింపింది ఎవలు? సేటా, నువ్వా?”



నేను తిరిగి చూశాను. రషీదా కొడుకు మొహంలోకి చూస్తోంది. నాకంటే ముందే, హనుమంతు కంటే ముందే, ఆ మలుపు దగ్గర తాళం ఆరినప్పుడే ఆమెకు అర్థమైపోయిందని ఇప్పుడు అనుకుంటాను. రహీమ్ పెదాలు కదిలాయి.

“అబ్బాను చెప్పుతోటి...”

రషీదా అరచెయ్యి అతని నోటికి అడ్డం వేసింది. గట్టిగా, అతని తల వెనక సీటుకు ఆనేలా నొక్కింది.

“వాడేం అనలే సాబ్. మీరేం ఇనలే. వాడేం అనలే.”

“అమ్మీ, ఇడువు.” చెయ్యి పక్కకు తీశాడు రహీమ్. ఏడవడం లేదు. “అబ్బాకు ఆ దినమే ఎర్కైంది. నేను ఇంటికొచ్చి బండి ఆగిందని చెప్తె నా మొఖం దిక్కు చూసిండు. నా బండి ఆగది బేటా అన్నడు. ఇంకేం అడగలే. పోలీసోల్లు వచ్చినంక నేనే తప్పు చేసిన అని వాళ్లతోటి పోయిండు. నేను ఆపలే అమ్మీ. ఉరి యాదికొచ్చి భయమైంది. ఇయ్యాల సుత భయమయ్యే తాళం ఆర్పిన.”

ఘాట్ మీదికి పోవద్దని బాబు మియా నా చేతులు పట్టుకుని బతిమాలాడు. నేను విడిపించుకుని వచ్చాను. ప్రాణం ఎలాగూ పోతోంది కదా అని, దాన్ని చక్రం కింద రాయిలా కొడుకుకు అడ్డం పెట్టాడా ముసలాయన. జన్మంతా తప్పు ట్యూనింగు చెయ్యనివాడు ఆ ఒక్క అబద్ధం చెప్పడానికి ఎంత నలిగిపోయాడో. ఆ అడ్డును లాగేసింది నేను. రషీదా అడిగిందని కూడా కాదు, హనుమంతు నవ్వాడని.

రషీదా కారు దిగింది. హనుమంతు వైపు తలుపు తెరిచి రోడ్డు మీద కూలబడింది. బురఖా అంచుతో అతని బూట్లు తుడుస్తున్నట్టు రెండు చేతులూ వాటి మీద పెట్టింది.

“సాబ్, ఇంజన్ మంచిగ లేదని రాయుండ్రి. మా ఆయనే పాడు చేసిండని రాయుండ్రి. ఆయనే ఒప్పుకున్నడు గద సాబ్. ఎవల్కి నష్టం? ఆయన ఎట్లయినా పోతడు. జైల్లనే పోనీ. నేనేం అనను, నేనే అడుగుతున్న.” నా వైపు తిరిగింది. “మీరు చెప్పుండ్రి సాబ్. పొద్దటి సంది మీరే చెప్పవడ్తిరి గద. ఇప్పుడు సుత చెప్పుండ్రి.”

నేను హనుమంతు మొహంలోకి చూశాను. బతిమాలుకున్నానో ఏమో, నాకే తెలియదు. అతను నా కళ్లలోకి చూడలేకపోయాడు. మంచివాడు కాకపోయినా దొంగ రాత రాసేవాడు కాదు. ఇన్నేళ్లుగా నేను అతన్ని ఎన్ని తిట్టినా ఆ మాట మాత్రం అనలేకపోయాను. అతను కారు దిగి వెనక తలుపు తీశాడు. రహీమ్ తనంతట తనే చేతులు ముందుకు చాచాడు.

బేడీలు పడ్డాక హనుమంతు కిందికి వంగి ఆమె భుజాలు పట్టుకుని లేపాడు. ఓదార్చడానికి అతనికి ఇంకేం మాట దొరికినట్టు లేదు.

“లేవమ్మా. నీ మొగుడు ఏ తప్పు చెయ్యలే. రేపు పొద్దుగాల ఇడిచిపెడ్తరు. ఇంటికి తోల్కపో.”

ఆ మాట చెవిన పడగానే రషీదా గుండెలు బాదుకుంటూ ఘొల్లుమంది.